16 ఏళ్లకే రెటీనాలో ఎర్రచుక్కలు: షుగర్ సూక్ష్మ రక్తనాళాలను ఎలా దెబ్బతీస్తుంది

అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి మీ అబ్బాయికి తొమ్మిదో ఏట టైప్-1 షుగర్ (శరీరంలో ఇన్సులిన్ తయారీ దాదాపు ఆగిపోయే రకం) వచ్చింది. ఇప్పుడు 16 ఏళ్లు, హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ 9.4 ఉంది. ఇన్నేళ్లలో మొదటిసారి కంటి పరీక్ష చేయిస్తే రెండు కళ్లలోనూ రెటీనా (కంటి వెనుక భాగంలో ఉండే, వెలుగును గ్రహించే పొర) మీద సన్నని ఎర్రచుక్కలు ఉన్నాయన్నారు. చూపు 6/6 ఉండగా ఇంత చిన్న వయసులో ఇదెలా వచ్చిందని, వచ్చినది తగ్గుతుందా అని అడిగారు. దాంతోపాటు, 18 ఏళ్లకే టైప్-2 షుగర్ (ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయని రకం) బయటపడిన మీ ఆడపడుచు కూతురికి మాత్రలతోనే సరిపోతోంది కాబట్టి భయం లేదని ఇంట్లో అనుకుంటున్నారు, అది నిజమేనా అని కూడా అడిగారు.

పిల్లల్లోనూ యువతలోనూ షుగర్‌కు చాలాకాలంగా వైద్యం చేస్తున్నవాణ్ని కాబట్టి ముందు సూటిగా సమాధానం చెప్పి, తరువాత కారణాలు వివరిస్తాను. మీ అబ్బాయి కంట్లో కనిపించినది డయాబెటిక్ రెటీనోపతికి, అంటే షుగర్ వల్ల రెటీనా దెబ్బతినే జబ్బుకు, తొలి మెట్టు. దీనివల్ల ఇప్పటికిప్పుడు చూపు పోదు, ఈ దశలో కంటికి ప్రత్యేకమైన చికిత్స కూడా సాధారణంగా అవసరం ఉండదు. షుగర్ అదుపులోకి వస్తే చాలామందిలో ఇది ఇక్కడే ఆగుతుంది, కొందరిలో చుక్కలు కనిపించకుండా పోతాయి కూడా. మీ ఆడపడుచు కూతురి విషయంలో మాత్రం ఇంట్లోవారి అంచనా సరికాదు. ఆ అమ్మాయికి ఉన్న ముప్పు మీ అబ్బాయికి ఉన్న ముప్పు కంటే ఎక్కువ కావడానికే అవకాశం ఉంది.

షుగర్ దెబ్బ రెండు రకాల రక్తనాళాల మీద పడుతుంది. గుండెకు, మెదడుకు, కాళ్లకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళాలు పూడుకుపోవడానికి సాధారణంగా దశాబ్దాలు పడుతుంది కాబట్టి ఆ కష్టాలు ఎక్కువగా నడివయసు దాటాకే బయటపడతాయి. వెంట్రుక కంటే ఎంతో సన్నగా, ఎర్ర రక్తకణాలు ఒక్కొక్కటిగా ఒదిగి దూరి వెళ్లవలసినంత ఇరుకుగా, ఐదు నుంచి పది మైక్రాన్ల వెడల్పుతో ఉండే కేశనాళికల్లో మాత్రం మార్పులు షుగర్ వచ్చిన కొద్ది ఏళ్లకే మొదలవుతాయి. ఆ మార్పులు ఎక్కువగా వెల్లడయ్యేది రెటీనాలో, మూత్రపిండాల్లో, నరాల్లో. వైద్యులు కూడా ఈ సంగతి ఒక తరం ఆలస్యంగా తెలుసుకున్నారు. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు తొలి ఇన్సులిన్ ఇంజెక్షన్ ఇచ్చేవరకు టైప్-1 వచ్చిన పిల్లలు నెలల్లో, మహా అయితే ఒకటి రెండేళ్లలో చనిపోయేవారు. ఇన్సులిన్‌తో బతికి బట్టకట్టిన ఆ పిల్లలు యువతీయువకులయ్యాకే వారి కళ్లు, మూత్రపిండాలు దెబ్బతినడం లోకానికి కనిపించింది.

ఈ అవయవాలే ఎందుకన్నది సహజంగా వచ్చే ప్రశ్న. శరీరంలోని చాలా కణాలు, రక్తంలో గ్లూకోజ్ పెరిగినప్పుడు, తాము లోపలికి తీసుకునే మోతాదును తగ్గించుకోగలవు. కేశనాళిక లోపలి గోడకు ఒకే వరుసగా పరుచుకుని ఉండే కణాలకు ఆ వెసులుబాటు లేదు, కాబట్టి రక్తంలో గ్లూకోజ్ పెరిగేకొద్దీ వాటి లోపలా పెరిగిపోతుంది. అలా చేరిన అదనపు గ్లూకోజ్‌ను కాల్చే క్రమంలో కణంలోని శక్తి కేంద్రమైన మైటోకాండ్రియా హానికరమైన ఆక్సిజన్ రూపాలను విడుదల చేస్తుంది, గ్లూకోజ్ ప్రోటీన్లకు అతుక్కుని వాటిని బిరుసెక్కిస్తుంది, కొంత గ్లూకోజ్ సార్బిటాల్ అనే చక్కెర వంటి పదార్థంగా మారి కణం రక్షణ వ్యవస్థను హరిస్తుంది. వేర్వేరుగా కనిపించే ఈ దారులన్నిటికీ మూలం ఒకటేనని 2001లో ప్రతిపాదించిన అమెరికా శాస్త్రవేత్త మైకేల్ బ్రౌన్‌లీ స్వయంగా టైప్-1 షుగర్‌తో జీవించినవాడు.

రెటీనా కేశనాళికలకు బయటి నుంచి పట్టునిచ్చే పెరిసైట్లనే కణాలు ఉంటాయి. మరే అవయవంలోనూ లేనంత దట్టంగా, లోపలి గోడలోని ఒక్కో కణానికి దాదాపు ఒక్కో పెరిసైట్ చొప్పున అవి అక్కడ ఉంటాయి. షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడు ముందుగా చనిపోయేవి అవేనని 1961లో డేవిడ్ కోగన్ బృందం సూక్ష్మదర్శిని కింద చూపించింది. పట్టు పోయినచోట నాళం గోడ, టైరు అరిగినచోట సైకిల్ ట్యూబు ఉబికినట్లు, చిన్న బుడగలా ఉబుకుతుంది. మీ అబ్బాయి కంటి ఫొటోలో డాక్టరుగారు చూపించిన ఎర్రచుక్కల్లో ఎక్కువ భాగం ఈ బుడగలే అయి ఉండాలి. వాటిని మైక్రోఅన్యూరిజమ్‌లు అంటారు. ఆ ఫొటోను తెరమీద పెద్దది చేసి చూస్తే నారింజ రంగు నేపథ్యంలో సూదిమొనతో పొడిచినంత గుండ్రటి, అంచులు స్పష్టంగా ఉన్న ఎర్రని బిందువులు కనిపిస్తాయి. అంచులు కొంచెం అలుక్కుపోయినట్లున్నవి అయితే అప్పటికే కారిన రక్తపు చుక్కలు కావచ్చు.

చూపు 6/6 ఉండడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. మనం అక్షరాలు చదవడానికి వాడేది రెటీనా మధ్యలో ఉన్న మాక్యులా అనే చిన్న భాగాన్ని మాత్రమే. బుడగలు దానికి దూరంగా ఉన్నంతకాలం, అక్కడ నీరు చేరనంతకాలం, అక్షరాల చార్టు ఏమీ చెప్పదు. అందుకే కళ్లద్దాల దుకాణంలో చేసే చూపు పరీక్షను షుగర్ ఉన్న పిల్లలకు కంటి పరీక్షగా లెక్కించవద్దని నేను ప్రతి తల్లిదండ్రులకూ గట్టిగా చెబుతాను. ఇంకా ముదిరితే కొన్ని కేశనాళికలు పూర్తిగా మూసుకుపోతాయి. ఆక్సిజన్ అందని రెటీనా వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను విడుదల చేస్తుంది, దాని ప్రేరణతో పెళుసైన కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. కంటి లోపలి విట్రియస్ జెల్లీ యువతలో రెటీనాను గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి ఆ కొత్త నాళాలు దాన్ని ఆధారం చేసుకుని అల్లుకుపోయి, రెటీనాను లాగి ఊడదీసే ప్రమాదం యువతలో మరీ ఎక్కువ. ఆ స్థితికి లేజర్, కంటి లోపలికి వేసే ఇంజెక్షన్లు, చివరకు శస్త్రచికిత్స ఉన్నాయి, సకాలంలో చేస్తే అవి చూపును బాగా కాపాడుతాయి. మీ అబ్బాయి ఆ స్థితికి చాలా దూరంలో ఉన్నాడు.

మూత్రపిండాల గురించి మీరు అడగలేదు కానీ అడగవలసింది. ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల వడపోత చుట్టలు ఉంటాయి, ప్రతి చుట్టా కేశనాళికల ముద్దే. షుగర్ ఎక్కువగా ఉన్న తొలి ఏళ్లలో అవి పాడైపోయినట్లు కాక, మామూలుకంటే ఎక్కువగా పనిచేస్తున్నట్లు కనిపిస్తాయి. వాటిలో ఒత్తిడి పెరిగి వడపోత వేగం హెచ్చుతుంది, కాబట్టి మూత్రపిండాలు బయటికి పంపే క్రియాటినిన్ అనే వ్యర్థాన్ని రక్తంలో కొలిచే పరీక్ష నిక్షేపంగా ఉంటుంది. "కిడ్నీ టెస్టు నార్మల్" అన్న మాట విని చాలా కుటుంబాలు అక్కడే ఆగిపోతాయి. చూడవలసింది మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్‌కు, క్రియాటినిన్‌కు ఉన్న నిష్పత్తి. గ్రాము క్రియాటినిన్‌కు అల్బుమిన్ 30 మిల్లీగ్రాములు దాటితే వడపోత గోడ కారడం మొదలైందని అనుమానించాలి. అయితే ఎదిగే పిల్లల్లో నిలబడి తిరిగినప్పుడు మాత్రమే మూత్రంలో ప్రోటీన్ పోయే స్థితి తరచుగా ఉంటుంది. జ్వరం, ఆటలు, నెలసరి కూడా లెక్కను తప్పుదోవ పట్టిస్తాయి. అందుకని నిద్రలేవగానే పోసిన తొలి మూత్రాన్నే ఇవ్వాలి, ఎక్కువ వచ్చినా ఒక్క ఫలితంతో బెంబేలు పడకుండా, కొద్ది నెలల వ్యవధిలో చేసిన మూడు పరీక్షల్లో రెండు ఎక్కువగా ఉంటేనే దాన్ని నిజంగా తీసుకోవాలి. ఈ దశలో పట్టుకుంటే అల్బుమిన్ మళ్లీ మామూలు స్థాయికి రావడం యువతలో అరుదేమీ కాదు.

నరాలకు రక్తమిచ్చే సూక్ష్మనాళాలు కూడా ఇదే దారి పడతాయి. 16 ఏళ్ల పిల్లవాడు అరికాళ్లలో మంటలని చెప్పుకోవడం అరుదు కాబట్టి, ఏడాదికోసారి అతడిని కళ్లు మూసుకోమని, బొటనవేలి కింద పది గ్రాముల ఒత్తిడితో వంగే సన్నని నైలాన్ తీగను ఆనించి తెలుస్తోందా అని అడగడం, చీలమండ దగ్గర ట్యూనింగ్ ఫోర్క్ కంపనం చూడడం సరిపోతుంది.

ఇక, ఈ వయసులోనే ఎందుకన్న ప్రశ్నకు వస్తాను. నాళాల మీద పడే దెబ్బ షుగర్ ఎంత ఎక్కువగా ఉంది, ఎన్నేళ్లుగా ఉంది అన్న రెండిటి లబ్ధం. తొమ్మిదో ఏట వచ్చిన షుగర్‌కు 16వ ఏట ఏడేళ్ల వయసు ఉంటుంది. దానిమీద యుక్తవయసు వచ్చిపడుతుంది. ఎదుగుదల హార్మోను, లైంగిక హార్మోన్లు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి కాబట్టి నిన్నటి మోతాదు ఇవాళ చాలదు. సరిగ్గా అదే వయసులో పిల్లలు ఇల్లు వదిలి హాస్టళ్లకు వెళతారు. హెచ్‌బీఏ1సీ పెరిగిందని వినగానే పిల్లవాణ్ని తప్పు పట్టకండి, ఎందుకంటే ఆ పెరుగుదలలో పెద్ద భాగం అతని చేతిలో లేని శరీర మార్పులదే. యుక్తవయసుకు ముందు గడిచిన ఏళ్లు లెక్కలోకి రావని ఒకప్పుడు అనుకునేవారు కానీ, వాటిని పూర్తిగా కొట్టిపారేయలేం.

అదుపు వల్ల ఎంత లాభమో తేల్చిచెప్పినది డీసీసీటీ అనే అధ్యయనం. అమెరికా, కెనడాల్లో 1983లో మొదలై 1993లో ఫలితాలు ప్రకటించిన ఆ అధ్యయనంలో 13 నుంచి 39 ఏళ్ల వయసున్న 1,441 మంది టైప్-1 రోగులు పాల్గొన్నారు. రోజుకు ఒకటి రెండు ఇంజెక్షన్ల పాత పద్ధతిలో ఉన్నవారి హెచ్‌బీఏ1సీ 9 దగ్గర, మూడు నాలుగు ఇంజెక్షన్లో ఇన్సులిన్ పంపో వాడినవారిది 7 దగ్గర నిలిచింది. అప్పటికి రెటీనోపతి లేనివారిలో కొత్తగా వచ్చే ముప్పు రెండో వర్గంలో 76 శాతం తగ్గింది. అధ్యయనంలోని మొత్తం రోగుల్లో 13 నుంచి 17 ఏళ్లవారు 195 మంది. రెండో వర్గంలో ఉన్న పిల్లలు ఎంత శ్రద్ధ పెట్టినా పెద్దలంత కిందికి తేలేకపోయారు, 8 దగ్గరే ఆగారు, అయినా వారికీ స్పష్టమైన లాభం కలిగింది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే అంశం, హెచ్‌బీఏ1సీ పదో వంతు తగ్గినప్పుడల్లా, అంటే 10 నుంచి 9కి వచ్చినా, 8 నుంచి 7.2కి వచ్చినా, రెటీనోపతి ముదిరే ముప్పు 40 శాతానికి పైగా తగ్గడం. ఏడు రాకపోతే ఫలితం లేదనే నిరాశకు కాబట్టి తావు లేదు. మీ అబ్బాయి 9.4 నుంచి 8.4కి వచ్చినా నాళాలకు ఎంతో మేలు, ఆ తరువాత 7 వైపు నడవవచ్చు.

ఆ అధ్యయనం ముగిశాక రెండు వర్గాల హెచ్‌బీఏ1సీ దాదాపు సమానమై 8 దగ్గర కలిసిపోయింది. అయినా మొదటి ఏళ్లలో అదుపులో ఉన్నవారి కళ్లు, మూత్రపిండాలు ఆ తరువాత పదేళ్లకు పైగా మెరుగ్గా ఉంటూ వచ్చాయి. షుగర్ తొలి ఏళ్ల మంచిచెడులను నాళాలు అలా గుర్తుపెట్టుకుంటాయి. యువతలో ఇప్పటి ఏళ్లు 40 ఏళ్ల వయసులోని ఏళ్ల కంటే విలువైనవని నేను అనడానికి ఆధారం ఇదే.

మీ అబ్బాయికి 9.4 ఎక్కడి నుంచి వస్తోందో వెతకడానికి ముందు రెండుచోట్ల చూడండి. మొదటిది పొట్ట మీద. అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డుకు ఇరువైపులా ఇంజెక్షన్ వేసుకునేచోట వేళ్లకు కొంచెం సబ్బునీరు రాసుకుని మెల్లగా నిమిరి చూడండి. చుట్టుపక్కల చర్మంకంటే మెత్తటి రబ్బరులా దళసరిగా తగిలే గడ్డ ఉంటే, ఏళ్ల తరబడి ఒకేచోట వేసుకోవడం వల్ల కొవ్వు పేరుకుందని అర్థం. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి పిల్లలు అక్కడే పొడుచుకుంటారు, కానీ అక్కడ వేసిన ఇన్సులిన్ ఎప్పుడు ఎంత రక్తంలోకి వెళుతుందో చెప్పలేం. ఆ చోటును కొన్ని నెలలు వదిలేసి, తొడలకు, పొట్టలో మిగతా భాగాలకు మారాలి. మారేటప్పుడు డాక్టరును అడిగి మోతాదు తగ్గించుకోవాలి, ఎందుకంటే బాగున్న చర్మంలో అదే మోతాదు షుగర్‌ను బాగా దించేస్తుంది.

రెండోది మధ్యాహ్నం డోసు. ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు నడిచే మన రెసిడెన్షియల్ కాలేజీల్లో, మెస్ ముందు వరుసలో నిలబడి, పదిమంది చూస్తుండగా చొక్కా ఎత్తి ఇంజెక్షన్ వేసుకోవడానికి సిగ్గుపడి ఆ డోసు మానేసే పిల్లలను నేను ఎందరినో చూశాను. తిట్టకుండా అడిగితే చెబుతారు. ప్రిన్సిపాల్‌తోనూ వార్డెన్‌తోనూ మాట్లాడి, ఒక గది, ఫ్రిజ్‌లో కొంత చోటు, భోజనానికి ముందు ఐదు నిమిషాల అనుమతి, పరీక్ష హాల్లో గ్లూకోజ్ బిళ్లలు పెట్టుకునే వీలు, ఈ నాలుగూ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్‌ను కొద్ది వారాల్లో ఒక్కసారిగా దించితే రెటీనోపతి మొదట కొంత ముదిరినట్లు కనిపించవచ్చు. డీసీసీటీలోనూ తొలి ఏడాదిలో కొందరికి ఇలా జరిగింది, తరువాత అదుపులో ఉన్నవారే ముందంజలో నిలిచారు. తొలి దశలో ఉన్న మీ అబ్బాయికి దీని భయం తక్కువే అయినా, అదుపు పెంచే ఈ ఏడాదిలో కంటి డాక్టరు చెప్పిన వ్యవధికే, అది ఆరు నెలలైనా సరే, కనుపాపను పెద్దది చేసే చుక్కల మందు వేయించి చూపించండి. ఆ రోజు కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కాబట్టి అతనికి బండి ఇవ్వవద్దు. బీపీ కూడా చూపించండి. 13 ఏళ్లు దాటిన పిల్లల్లో 130/80, ఆపైన పదేపదే వస్తే అది రక్తపోటే, కళ్లకూ మూత్రపిండాలకూ అది షుగర్‌తో సమానమైన శత్రువు. సిగరెట్ సంగతి కూడా ఈ వయసులో మొహమాటపడకుండా మాట్లాడాలి. ఆకులు, పొడులు వాడి ఇన్సులిన్ మానేయవచ్చని ఎవరైనా చెబితే వినవద్దు, టైప్-1లో ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు మీ ఆడపడుచు కూతురి విషయం. మాత్రలతో నడిచే షుగర్ తేలికపాటిదనే నమ్మకం పెద్దవాళ్లను చూసి ఏర్పడింది, పిల్లలకు అది వర్తించదు. అమెరికాలో 10 నుంచి 17 ఏళ్ల మధ్య టైప్-2 వచ్చిన 699 మందిని 2004 నుంచి గమనిస్తూ వచ్చిన టుడే అధ్యయనం 2021లో ప్రకటించిన ఫలితాలు చూడండి. సగటున 26 ఏళ్ల వయసుకు, షుగర్ వచ్చిన 13 ఏళ్లకు, వారిలో 60 శాతం మందికి సూక్ష్మనాళాల వ్యాధి ఏదో ఒకటి వచ్చింది, సుమారు 55 శాతం మందిలో మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, మూడింట రెండు వంతుల మందికి బీపీ ఉంది. అదే దేశంలో రెండు రకాల షుగర్ ఉన్న యువతను 21వ ఏట, షుగర్ వచ్చిన ఎనిమిదేళ్లకు పోల్చిన సెర్చ్ అధ్యయనంలో మూత్రపిండాల వ్యాధి టైప్-1లో సుమారు 6 శాతం, టైప్-2లో సుమారు 20 శాతం. టైప్-2లో షుగర్‌తోపాటు బీపీ, చెడు కొవ్వు, ఇన్సులిన్ నిరోధకత ఒకేసారి నాళాల మీద పడతాయి, పైగా బయటపడకముందే అది కొంతకాలంగా ఉండి ఉంటుంది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఒక్కటే వాడిన పిల్లల్లో సగం మందికి సగటున నాలుగేళ్లలోపే అదుపు తప్పిందని కూడా టుడేలోనే తేలింది.

అందువల్ల పరీక్షల కాలం కూడా వేరు. టైప్-1లో 11 ఏళ్లు దాటాకో, యుక్తవయసు మొదలయ్యాకో, షుగర్ వచ్చిన మూడు నుంచి ఐదేళ్లలోపు కంటి పరీక్ష మొదలుపెడతాం. టైప్-2 అయితే తెలిసిన వెంటనే కళ్లు, మూత్రంలో అల్బుమిన్, పాదాలు, బీపీ, కొవ్వులు అన్నీ చూడాలి. ఆ అమ్మాయికి ఇవి ఇంకా చేయించకపోతే ఈ నెలలోనే చేయించమని చెప్పండి. ఆమె సన్నగా ఉండి, తల్లికో తండ్రికో, వారి తల్లిదండ్రులకో కూడా చిన్నవయసులోనే షుగర్ వచ్చి ఉంటే, అది టైప్-2 కాక ఒకే జన్యువు వల్ల వచ్చే రకం కావచ్చేమో డాక్టరును అడగండి. వాటిలో ఒక రకంలో పరగడుపు షుగర్ జీవితాంతం 100 నుంచి 145 మధ్య ఉన్నా సూక్ష్మనాళాలు దాదాపు దెబ్బతినవు, మందులు కూడా సాధారణంగా అక్కర్లేదు. మరో రకంలో నాళాలు టైప్-1లో లాగానే దెబ్బతింటాయి.

ఆమె హెచ్‌బీఏ1సీ చూసేటప్పుడు హిమోగ్లోబిన్ కూడా చూడాలి, ఎందుకంటే ఆ పరీక్ష కొలిచేది హిమోగ్లోబిన్‌కు అతుక్కున్న గ్లూకోజ్‌నే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఐరన్ లోపం ఉన్నప్పుడు హెచ్‌బీఏ1సీ అసలుకంటే ఎక్కువగా చూపవచ్చు, తలసీమియా వంటి వంశపారంపర్య రక్త జబ్బుల్లో తక్కువగా చూపవచ్చు. సంఖ్య ఇంటి గ్లూకోమీటరు లెక్కలతో పొసగకపోతే ముందు ఇది అనుమానించాలి.

మూత్రంలో అల్బుమిన్ ఎక్కువగా ఉన్నా, బీపీ ఉన్నా, రామిప్రిల్, టెల్మిసార్టన్ వంటి మందులు రాస్తారు. మూత్రపిండాలను కాపాడడంలో అవి బాగా పనిచేస్తాయి కానీ గర్భంలోని బిడ్డకు హాని చేస్తాయి. గర్భం వచ్చాక రెటీనోపతి కూడా వేగంగా ముదరవచ్చు. 18 ఏళ్ల అమ్మాయికి రేపు పెళ్లి సంబంధాలు చూస్తారు కాబట్టి, ఆ మాత్ర మొదలుపెట్టిన రోజే ఈ సంగతి ఆమెకు స్వయంగా, పెద్దలకు కాకుండా ఆమెకే, వివరంగా చెప్పాలి. గర్భం అనుకోవడానికి ముందే మాత్ర మార్పించుకుని, హెచ్‌బీఏ1సీ వీలైనంతగా 6.5 లోపలికి తెచ్చుకుని, కళ్లు ఒకసారి చూపించుకుని, గర్భం వచ్చిన మొదటి మూడు నెలల్లో మళ్లీ చూపించుకోవాలి.